తువ్వాలు కింద టమాటా రేటు

రెండువేల పదికి కాస్త ముందు సంగతి. మదనపల్లెలో కంప్యూటర్ పాఠాలు చెప్పుకుంటూ ఒక స్మార్ట్‌ఫోన్ కొన్నాను. ఇంటర్నెట్ మొత్తం అరచేతిలోకి వస్తుందని ప్రకటన. వచ్చింది, కాకపోతే ప్రతి పేజీకీ పైన ఎడమ మూల మాత్రమే. మిగతాది మీట నొక్కుకుంటూ, ఓపికుంటే చూసుకోవాలి.

ఈ ఫోన్‌కి ఎవరైనా ప్రోగ్రాములు రాసుకోవచ్చు, తలుపులు బార్లా తెరిచామని కంపెనీ చాటింపు వేసింది. తీరా రాసి ఎక్కిస్తే, తెరిచిన ప్రతిసారీ 'నువ్వెవరు' అని నిలదీసేది. నేనెవరో రుజువు చేసుకోవాలంటే పరదేశంలో ఎవరికో ఏటేటా డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకోవాలట. రేషన్ కార్డు చెల్లదట. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

అయినా రాశాను. మదనపల్లె మార్కెట్ యార్డులో పనిచేసే స్నేహితుడు పొద్దున్నే టమాటా రేటు ఒక వెబ్ పేజీలో పెట్టేవాడు. నా ప్రోగ్రాం ఆ అంకెను తెచ్చి చూపించాలి. ఇదంతా చౌడేపల్లె దగ్గర మా పల్లెలో టమాటా పండించే నాయన కోసం. ఆయన కాయలు ఏళ్ల తరబడి పుంగనూరులో మండీ నడిపే ఆయన చెప్పిన రేటుకే పోయేవి. ఒక్కసారైనా నా మాట విని మదనపల్లెకు పంపాలని నా పంతం.

ఒక కోత రోజు ఫోన్ పట్టుకుని పల్లెకు వెళ్లాను. పొద్దున్నే టెంపోకు బాక్సులు ఎక్కించారు. మండీ ఆయనా వచ్చి నిలబడ్డాడు. నాయన ఫోన్ అందుకుని దాని మీద తువ్వాలు కప్పాడు. పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడే మనిషి. ఆయన లెక్కలో రేటనేది నలుగురి కంటా పడకూడదు. ప్రపంచమంతా చూడగల పేజీని తువ్వాలు కింద తెరిచిన ఘనత మా నాయనదే అయ్యుంటుంది. నేనూ తల దూర్చాను.

ఫోన్ ఇంగ్లీషులో ఏదో అడిగింది.

"ఏమంటాండాది?" అన్నాడు నాయన.

"దీన్ని రాసినోడు ఎవురో తెలీదంట నాయనా. నమ్ముతావా అంటాండాది."

మండీ ఆయన పకపకా నవ్వాడు. "సూడప్పా, ఆ ఫోనే నీ కొడుకును నమ్మల్యా. నువ్వు యాల నమ్ముతాండావు?"

నాయన 'ఎస్' యాడుండాదని నన్నడిగి నొక్కాడు. తెర మీద గడియారం బొమ్మ తిరగడం మొదలైంది. తిరుగుతూనే ఉంది. సిగ్నల్ గీత ఒకటి వచ్చేది, పోయేది. టెంపో డ్రైవర్ హారన్ కొట్టాడు. చివరికి పేజీ దొరకలేదని ఫోన్ చేతులెత్తేసింది. సిగ్గుతో నాకు ఆ తువ్వాలు కిందే ఉండిపోవాలనిపించింది.

నాయన ఫోన్ జేబులో వేసుకున్నాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, మండీ ఆయనకు బాగా వినపడేట్టు డ్రైవర్‌తో అన్నాడు:

"మావోడి ఫోన్‌లో వచ్చిండాది. మదనపల్లెలోనే రేటు బాగుండాది. బండి ఆడికే పోనీప్పా."