ఐదు నట్ల కృప

ఇనుమును చేసిన చేతితోనే దానికి తుప్పునూ చేసి, ఆ రెండింటి మధ్య నాలాంటివాణ్ణి నిలబెట్టి ఓర్పు నేర్పిస్తున్న దేవాదిదేవునికి స్తోత్రం. మామిడి పూతకు వాసనను, వాగుకు దారిని, గర్విష్ఠికి సుత్తిని సమయానికి అందించే ఆయన నామానికే మహిమ.

ఇక నా ఘనకార్యం సంగతి. దాని వల్ల ఒక జీపు కుంటిదైంది, ఒక సంఘమంతా కన్నీళ్ళు కార్చింది, ఎనభై ఏళ్ళ మామ్మ మంచం మీద ఊరేగింది. మీరు నవ్వుకోవచ్చు. నేనే నవ్వుతున్నప్పుడు మీకేం అభ్యంతరం?

అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. తిరువూరులో బడిపంతుల్ని. మా సంఘంలో పాస్టరు అయ్యగారికి గొంతు బాగోలేని ఆదివారాల్లో ప్రసంగం కూడా నేనే చేసేవాణ్ణి. ఆయన గొంతు పోవాలని నేనెన్నడూ ప్రార్థించలేదు. కాకపోతే చలికాలం వస్తుందంటే మనసుకు హాయిగా ఉండేది. నాకో జబ్బు ఉండేది. ఏది చూసినా అందులో ప్రసంగం కనపడేది. ఇడ్లీలో కనపడేది, బస్సు టికెట్టులో కనపడేది. మా ఆవిడ కరుణ కూరలో ఉప్పు మరిచిపోతే అరగంట వాక్యం చెప్పేవాణ్ణి. ఆ తర్వాత ఆమె ఎన్నడూ ఉప్పు మరవలేదు. అంత కఠినమైన శిక్ష ఇంకోటి ఉండదని ఆమెకి తెలిసిపోయింది.

సంఘానికి ఒక పాత జీపు ఉండేది. నాలుగు చక్రాలూ లాగే రకం. ఎ.కొండూరు అవతల వాగు దాటితే వచ్చే పల్లెకి అదొక్కటే వెళ్ళగలిగేది. ఆ ఇసుకలో ఆటోలు మోకాళ్ళూని ప్రార్థనకు దిగినట్టు దిగబడిపోయేవి.

ఆ పల్లెలోనే సువార్తమ్మ మామ్మ ఉండేది. పేరు సువార్తమ్మే గాని నలభై ఏళ్ళుగా చివరి వరసలో కూర్చుని, పాటలు పాడి, కానుక వేసి, బాప్తిస్మం మాట ఎత్తగానే గోడకేసి చూసేది. అలాంటిది ఆ ఏడాది, తుంటి విరిగి లేవలేని స్థితిలో, ఒకరోజు అయ్యగారితో అంది. "ఈ ఆదివారం తీసుకుంటానయ్యా. ఈ ఆదివారమైతేనే. పై ఆదివారానికి నా మనసు ఎటు పోద్దో నాకే తెలీదు."

ఆమె మనసు సంగతి తెలిసినవాళ్ళం కాబట్టి అందరం ఉలిక్కిపడ్డాం. మా గుడి ఆవరణలో కొత్తగా కట్టించిన బాప్తిస్మం తొట్టి ఉంది. మామ్మని అక్కడికి తీసుకురావాలి. బండి మీద కూర్చోలేదు. అంటే జీపు కావాలి. జీపు ముందు చక్రాలు రెండూ అప్పటికే మూలుగుతున్నాయి.

మస్తాన్ గారని మెకానిక్. విజయవాడ రోడ్డు మీద షెడ్డు. సంఘం జీపుని సొంత బిడ్డలా చూసేవాడు. సోమవారం గుడి ఆవరణకే వచ్చి ఎడమ చక్రం విప్పాడు. లోపల చక్రం దేని మీద కూర్చుని తిరుగుతుందో ఆ లావాటి ఇనప గొట్టాన్ని స్పిండిల్ అంటారు. దాన్ని ఊడదీస్తేగాని వెనక అరిగిపోయిన బుష్షు మార్చడం కుదరదు. ఆయన దాన్ని పాలపన్ను తీసినంత నెమ్మదిగా తీసి, బుష్షు మార్చి, తిరిగి బిగించాడు.

"మాస్టారూ, మా చెల్లెలి కూతురి నిఖా ఉంది. ఖమ్మం వెళ్ళాలి. శనివారం మధ్యాహ్నానికి వచ్చేస్తా. కుడిది నాకు రెండు గంటల పని. నేనొచ్చేదాకా మాత్రం ముట్టుకోకండి."

"ముట్టుకోను."

"చూడండి, చూడొద్దనను. ముట్టుకోవద్దు."

ఆదాముకి ఇంతకంటే స్పష్టంగా చెప్పలేదు. ఆయనా వినలేదు.

బుధవారం బడి సెలవు. ఆవరణలో మామిడి చెట్టు నిండా పూత. గాలి కదిలినప్పుడల్లా బంగారు రంగు పొడి జీపు మీద రాలుతోంది. తేనెటీగల రొద ఎక్కడో దూరంగా స్త్రీల సమాజం పాట నేర్చుకుంటున్నట్టుంది. నేను జీపు పక్కన చాప వేసుకుని వెల్లకిలా పడుకున్నాను. కళ్ళు సగం మూసుకుంటే చాలు, జీపు కదిలేది. వాగు నీళ్ళు రెండుగా చీలేవి. మధ్యలో పొడినేల మీద నేను స్టీరింగు పట్టుకుని, వెనక సువార్తమ్మ మామ్మ తెల్లచీరలో, ఒడ్డున సంఘమంతా చేతులెత్తి. ఆ కలలో మస్తాన్ గారు లేడు. కలల్లో మెకానిక్కులు కనపడరు. అదే కలల్లో ఉన్న లోపం.

లేచి కుడి చక్రం విప్పాను. చూసినదంతా గుర్తుంది కాబట్టి చక్రం దాకా బాగానే వచ్చింది. తర్వాత బ్రేకు డ్రమ్ము. తర్వాత స్పిండిల్ చుట్టూ ఉన్న నట్లు. చేతికందినవన్నీ విప్పాను. లెక్కపెడితే ఐదు.

ఐదు! ఐదంటే కృపకు సంఖ్య అని ప్రసంగాల్లో చెప్పుకుంటాం కదా. ఆరంటే మనిషి సంఖ్య. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వచ్చే ప్రసంగానికి పేరు అక్కడికక్కడే దొరికింది.

కరుణ మజ్జిగ తెచ్చి, డబ్బా మూతలో నట్లు చూసింది.

"అటుపక్క ఆయన ఆరు విప్పాడు కదండీ?"

"అది ఎడమ పక్క."

"అయితే?"

"ఎడమ పక్క మేకలు నిలబడతాయి. కుడి పక్క గొర్రెలు. రెండూ ఒకటెలా అవుతాయి?"

"జీపులో మేకలేంటండీ?"

"నీకు ఆత్మీయ లోతు లేదు కరుణా."

ఆమె గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నవాడు నాకంటే నయం. వాడి కుందేలు కనీసం గెంతేది. నేను పట్టిన స్పిండిల్ కదిలితే ఒట్టు.

కిరసనాయిలు పోశాను. డీజిల్ పోశాను. కొయ్య పెట్టి కొట్టాను. గురువారం సాయంత్రం సమ్మెట తెచ్చి సూటిగా స్పిండిల్ మూతి మీదే కొట్టాను. ఠంగ్, ఠంగ్, ఠంగ్. దెబ్బకో పూలరెమ్మ రాలింది. ఎదురు మేడ మీద బట్టలారేస్తున్న ఆవిడ, "మాస్టారూ, గుడికి కొత్త గంట కొన్నారా?" అని అడిగింది. చీకటి పడేసరికి నా చేతులు రెండూ స్పిండిళ్ళలా బిగుసుకుపోయాయి.

శుక్రవారం ఉపవాస ప్రార్థన. అందరూ ప్రార్థనాంశాలు చెబుతున్నారు. కూతురి పరీక్షలు, పత్తికి పురుగు, మొగుడి తాగుడు. నేను లేచాను.

"సంఘమా, మన జీపు కుడి స్పిండిల్ పట్టుకుంది. ఎంత కొట్టినా రావడం లేదు. ఇది మామూలు తుప్పు కాదు. సువార్తమ్మ మామ్మ రక్షణకు అడ్డుపడుతున్న శక్తి."

జనం నిట్టూర్చారు. అయ్యగారు మెల్లిగా అన్నారు. "మస్తాన్ని అడిగావా నాయనా?"

"మనుషుల మీద ఆనుకోవద్దు అయ్యగారూ."

ఇక గుడంతా ఒక్క గొంతైంది. కూతుళ్ళ పరీక్షలు పక్కకి పోయాయి. పత్తి పురుగుకి వారం రోజులు బతుకు దొరికింది. మూడు గంటలపాటు అందరూ ఇనప గొట్టం కోసం కన్నీళ్ళు కార్చారు. యవ్వనస్తుల సంఘం ఊపులో బయటికి వచ్చి, స్పిండిల్‌కి తాడు కట్టి, హల్లెలూయా అని ఒక్కసారిగా లాగింది. జాకీ ఒరిగింది. జీపు మొత్తం వాళ్ళ వైపు ఒక గజం నడిచి, మామిడి చెట్టు మొదట్లో బుద్ధిగా ఆగింది. స్పిండిల్ మాత్రం దాని కాపురం వదల్లేదు.

శనివారం మధ్యాహ్నం మస్తాన్ గారు పెళ్ళి అత్తరు వాసనతో వచ్చాడు. జీపుని చూశాడు. నన్ను చూశాడు. జేబులోంచి గుడ్డ తీసి, స్పిండిల్ అడుగున, నేలకి దగ్గరగా, ఇరవై ఏళ్ళ గ్రీజూ మట్టీ కలిసి గడ్డకట్టిన చోట రుద్దాడు.

"మాస్టారూ, ఇలా రండి. ఇదేంటి?"

వంగి చూశాను. ముత్యంలా మెరుస్తూ నట్టు.

"నట్టు."

"ఎన్నోది?"

"ఆరోది."

వెనక నుంచి కరుణ గొంతు. "మేక."

ఆయన నట్టు విప్పి, పక్కల మీద నాలుగు దెబ్బలు వేశాడు. కొట్టడం కూడా కాదు, నిద్రపోతున్నవాణ్ణి తట్టి లేపినట్టు. స్పిండిల్ ఆవులించి బయటికి వచ్చేసింది. నేను స్తోత్రం అనబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఆగండి. మూతి మీద మరలన్నీ చితకగొట్టారు. ఇక దీనికి చక్రాన్ని పట్టి ఉంచే పెద్దనట్టు ఎక్కదు. కొత్తది విజయవాడ నుంచి రావాలి. సోమవారం."

సోమవారం. మామ్మ అడిగింది ఆదివారం. ఆరో నట్టు చూసి ఉంటే, అసలు ఒక్కటీ విప్పకుండా ఉంటే, ఈపాటికి జీపు సిద్ధంగా ఉండేది. నలభై ఏళ్ళు గోడకేసి చూసిన మనిషి ఇటు తిరిగితే, ఆమెకి అడ్డుపడ్డ శక్తి సమ్మెట పట్టుకున్న నేనే. అయ్యగారి దగ్గర అంతా ఒప్పుకున్నాను. ఆయన "మంచం మీద మోసుకొద్దాం. లేఖనాల్లో అలా మోసినవాళ్ళున్నారుగా," అన్నారు.

ఆదివారం తెల్లవారగానే బయల్దేరాం. మామ్మ ఇద్దరు కొడుకులు వెనక పక్క పట్టుకున్నారు. ముందు ఒక పక్క నేను. ఇంకో పక్క ఎవరని చూస్తే మస్తాన్ గారు లుంగీ ఎగగట్టి నిలబడ్డాడు. "జీపు నాది కూడా మాస్టారూ. ఫోర్ వీల్ అంటే నాలుగూ లాగాలి," అన్నాడు. అయ్యగారు గొడుగు పట్టుకుని పక్కనే నడిచారు.

మంచు ఇంకా విడలేదు. చేల మీద పొగలా తేలుతోంది. తెల్లచీరలో మామ్మ నులకమంచం మీద పడుకుని, ఆకాశం తనని చూడ్డానికి వచ్చినట్టు చూస్తోంది. నిజంగా ఆ కాసేపు మంచం తేలుతున్నట్టే ఉంది. నా భుజానికి మాత్రం ఆ సంగతి తెలియలేదు.

"ఎవరది, కుడిపక్క ముందు? వంకరగా పోతన్నాడు," అంది మామ్మ.

"పంతులుగారే," అన్నాడు పెద్దకొడుకు.

"జీపు పాడుచేసినోడా?"

"ఆయనే."

"పోన్లే, జీపుకంటే నయం. రొద చెయ్యట్లేదు."

వాగులో దిగాం. మోకాళ్ళ దాకా చల్లటి నీళ్ళు. కొంచెం కింద నడుంలోతు మడుగు, అద్దంలా కదలకుండా ఉంది. మధ్యలో నా ఊపిరి అయిపోయింది. మంచం ఇసుక దిబ్బ మీద దించాం. ఇంకా మెయిన్ రోడ్డు ఒక మైలు, అక్కడి నుంచి ఆటోలో తిరువూరు. గుడి దగ్గర సంఘమంతా తొట్టి చుట్టూ చేరి ఎదురుచూస్తోంది.

మామ్మ తల తిప్పి మడుగు చూసింది. మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది.

"అయ్యగారూ, నన్ను ఎక్కడికి మోస్తన్నారు?"

"తొట్టి దగ్గరికమ్మా."

"తొట్టిలో ఏముంటాయి?"

"నీళ్ళు."

"మరి ఇయ్యేంటి?"

అందరం మడుగుకేసి తిరిగాం. వాగు పారుతూనే ఉంది. లేఖనాలు పుటపుటా నాకు నోటికొచ్చు. నదిలో మునిగినవాళ్ళ సంగతి వందసార్లు ప్రసంగించాను. ఒక్క జీపూ అక్కర్లేని ఈ పనికి నేను మూడు రోజులు ఇనుముతో కుస్తీ పట్టాను. అయ్యగారు గొడుగు ముడిచి నా చేతికిచ్చి, చెప్పులు విడిచి మడుగులోకి దిగారు. కొడుకులు తల్లిని చేతుల మీద ఎత్తుకుని వెళ్ళారు. లేచి వచ్చినప్పుడు మామ్మ ముఖం నిండా నీళ్ళు, నవ్వు. "ఇంత చల్లగా ఉంటాయని తెలిస్తే ఎండాకాలంలో తీసుకునేదాన్ని గదరా," అంది. మస్తాన్ గారు ఒడ్డున అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

అందుకని ప్రియమైన పాఠకులారా, నేను ప్రమాణపూర్వకంగా చెబుతున్నాను. ఏ బండి కిందా, ఏ పూత చెట్టు కిందా, ఎంత మంచి కల వచ్చినా సరే, మెకానిక్ ముట్టుకోవద్దన్నదాన్ని ఈ చేతులు ముట్టుకోవు. దేవుడు మన గుమ్మం ముందే పారించిన నీళ్ళని దాటుకుని తొట్టి దగ్గరికి పరుగెత్తను. మాట మీద నిలబడే మనిషిని కానని కరుణ అంటుంది. కాబట్టి మీ సాయం కావాలి. ఉన్నచోటే ఒక్క నిమిషం తల వంచండి. నాతోపాటు అనండి: ప్రభువా, కళ్ళు మూసుకుని అడిగే ముందు, కళ్ళు తెరిచి చూసే బుద్ధి మాకియ్యి. ఆమేన్.