కళ్ళజోడు వ్యూహం

నేను ఇంతకాలం ఏమీ రాయకపోవడానికి కారణం చాలా చిన్నది. నాకు రాయడం రాదు. మా ఊరి బడికి నాలుగు రోజులు వెళ్ళాను. నాలుగో రోజు మాస్టారు నా వీపు మీద బెత్తం విరగ్గొట్టారు. ఐదో రోజు మా అమ్మకు మళ్ళీ కాన్పయింది. తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి మనిషి కావాలన్నారు. బెత్తం కంటే తమ్ముడే నయమనిపించి ఇంట్లో ఉండిపోయాను. ఆ తమ్ముడు పెద్దయ్యాక హెడ్మాస్టరయ్యాడు. నేను అరవై తొమ్మిదో ఏటి దాకా సంతకం అనే బొమ్మ గీయడం దగ్గరే ఆగిపోయాను.

చదువు రాదని ఎవరికీ తెలియకుండా బతకడం కూడా ఒక విద్యే. అది నాకు బాగా వచ్చు. కెనడాలో గ్వెల్ఫ్ అనే ఊళ్ళో కూతురి ఇంట్లో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నా ఎవరికీ దొరకలేదు. ఎవరైనా కాగితం ఇస్తే "కళ్ళజోడు మర్చిపోయాను" అనేదాన్ని. చర్చిలో వాక్యం చదవమంటే, "పాస్టర్ గారి గొంతులో వింటేనే ఆత్మకు అందుతుందండీ" అనేదాన్ని. ఆయన పొంగిపోయి రెండు అధ్యాయాలు ఎక్కువ చదివేవారు. ఆకలితో ఉన్న మిగతావాళ్ళు నా వంక అదోలా చూసేవాళ్ళు. నా కూతురికి సంగతి తెలుసు. కానీ అది నర్సు. రోగుల గుట్టు దాచినట్టే నా గుట్టూ దాచింది.

నన్ను పట్టుకున్నది దాని కొడుకు.

వాడు అప్పుడు యూనివర్సిటీలో రెండో ఏడు. ఫుట్‌బాల్ ఆడేవాడు. కాలితో తన్నే ఆట కాదు, కోలగా ఉన్న బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తి ఒకరి మీద ఒకరు పడే ఆట. అందులో క్వార్టర్‌బ్యాక్ అని ఒకడుంటాడు. ప్రతిసారీ బంతి ముందు వాడి చేతికే వస్తుంది. దాన్ని దూరంగా విసరాలా, పక్కవాడి చేతిలో పెట్టి పరిగెత్తమనాలా అన్నది వాడు చూసుకోవాలి. మావాడు ఆ పనికి రెండో మనిషి. అంటే బెంచీ మీద కూర్చుని నీళ్ళు తాగేవాడు. మొదటివాడికి మోకాలు బెణికేసరికి శనివారం ఆట మావాడి నెత్తిన పడింది. పైగా వాళ్ళ టీములో అవతలివాళ్ళను ఆపాల్సిన డిఫెన్స్ చిల్లుల జల్లెడ. ఈ ఆట మావాడు చెడగొడితే వచ్చే వారం ఇంకొకణ్ణి పెడతానని కోచ్ ముందే చెప్పేశాడట.

శుక్రవారం సాయంత్రం వాడు మూతి ముడుచుకుని వంటగదిలోకి వచ్చాడు.

"అమ్మమ్మా, కోచ్ నన్ను హైడ్ చేస్తున్నాడు. త్రో చెయ్యొద్దంట. ఎప్పుడూ రన్నర్ చేతిలో పెట్టాలంట, స్లోగా. ఇట్స్ ఎంబరాసింగ్. నేను రేపు లాంగ్ త్రో చేస్తా, చూడు."

"చేస్తువుగానిలే. ముందు అన్నం తిను."

"ఫస్ట్ హెల్ప్ మీ. నువ్వు ఇందులో ప్లే పేరు చదువు, నేను ఏం చెయ్యాలో చెప్తా." ఎత్తుగడల పేర్లు రాసి ఆట రోజు మణికట్టుకు కట్టుకునే కాగితమట. నా చేతిలో పెట్టాడు.

"కళ్ళజోడు ఎక్కడ పెట్టానో నాన్నా."

"నీ తల మీదుంది."

"ఇది కాదురా, చదువుకునేది."

"ఫ్రిజ్ మీదుంది." తెచ్చి చేతికిచ్చాడు.

"ఈ వెలుతురు చాలదు."

ఇంట్లో ఉన్న లైట్లన్నీ వేశాడు.

"ఉండు, పాలు పొంగుతున్నాయి."

"స్టవ్ ఆఫ్‌లో ఉంది, అమ్మమ్మా."

ఇక దారి లేక కాగితాన్ని మొహానికి దగ్గరగా పట్టుకుని గొంతు సవరించుకున్నాను. వాడు మెల్లగా నా చేతిలో కాగితం తీసుకుని తిప్పి మళ్ళీ పెట్టాడు. దాన్ని తలకిందులుగా పట్టుకున్నానన్నమాట.

"నీకు చదవడం రాదా?"

"రాదు."

"మరి సిటిజన్‌షిప్ టెస్ట్?"

"అప్పటికే వయసు దాటిపోయింది, పరీక్ష అక్కర్లేదన్నారు. దేవుడున్నాడని గట్టిగా నమ్మిన రోజది."

వాడు ఏడుస్తాడేమో అనుకున్నాను. కుర్చీలోంచి పడిపోయేంతగా నవ్వాడు. "ఇంత వీక్ డిఫెన్స్ పెట్టుకుని ట్వంటీ ఇయర్సా? ఎలా?"

చెప్పాను. కాగితం నా చేతికి వచ్చిందంటే నేను చచ్చినట్టే. అందుకని దాన్ని రానివ్వకూడదు. మాట నా దగ్గరే ఉంచుకోవాలి. బ్యాంకులోనైనా ఆసుపత్రిలోనైనా ముందు మోకాలి నొప్పి చెప్పాలి, తర్వాత చలి, ఆ తర్వాత మనవడు. నేను మాట్లాడుతున్నంతసేపూ అవతలివాళ్ళు నాకేమీ ఇవ్వలేరు. గొప్పగా మాట్లాడక్కర్లేదు, ఆపకుండా ఉంటే చాలు. విసిగిపోయి వాళ్ళే ఫారం నింపేస్తారు.

వాడు నవ్వాపి నా వంక చూశాడు. "కోచ్ చెప్పేది సేమ్ థింగ్. బాల్ మన దగ్గరుంటే వాళ్ళు స్కోర్ చెయ్యలేరు."

"మీ కోచ్‌కి కూడా చదువు రాదేమో, కనుక్కో."

మర్నాడు మధ్యాహ్నం ఆటకు మా బేస్‌మెంట్‌లో ఉండే అమ్మాయిని తోడు తీసుకెళ్ళాను. ఆ రోజుల్లో మా వీధిలో ఏ బేస్‌మెంట్ తలుపు తట్టినా తెలుగే పలికేది. చదువుకోవడానికి వచ్చి మా ఇంట్లో అద్దెకు నలుగురు అమ్మాయిలుండేవారు. ఇది నల్గొండ పిల్ల. పార్ట్‌టైమ్ ఉద్యోగం కోసం రెజ్యూమేలు కట్టలు కట్టలుగా ప్రింట్ తీసి దుకాణాల్లో పంచిపెట్టేది. ఇద్దరం ఒకే దుప్పటి కప్పుకుని కూర్చున్నాం.

మావాడు బుద్ధిగా కోచ్ మాట విన్నాడు. మూడు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళితే బంతి మళ్ళీ మనదే. గడియారాన్ని చివరి క్షణం దాకా తిరగనిచ్చి, వడ్ల బస్తా లాంటి ఒక కుర్రాడి చేతిలో బంతి పెట్టడం, వాడు నాలుగు గజాలు పాకి పడిపోవడం. మళ్ళీ అదే. జనం ఈలలు వేసి వెక్కిరించారు.

"గిదేం ఆట అమ్మమ్మా? ఉరుకుడు, పడుడు, మల్ల లేసుడు. మీవోడు ఇసరడా?"

"ఇసరడు. నేనే వద్దన్నాను."

"నువ్వు కోచ్‌వా ఏంది?"

ఆటను నాలుగు క్వార్టర్లుగా, అంటే నాలుగు భాగాలుగా ఆడతారు. మూడు క్వార్టర్లు అలాగే గడిచాయి. అవతలి టీము మొనగాళ్ళు బయట కూర్చుని గోళ్ళు కొరుక్కున్నారు. నాలుగో దాంట్లో మా జల్లెడలోంచి ఒకడు జారిపోయి పాయింట్లు కొట్టేశాడు. రెండు నిమిషాలుందనగా మేము నాలుగు పాయింట్లు వెనకబడ్డాం. ఇక పాకితే లాభం లేదు. విసరాలి. విసురుతాడని మైదానంలో అందరికీ తెలుసు.

వాడు మణికట్టు వంక చూసుకున్నాడు. మొదటిది నేలపాలయింది. రెండోది మావాళ్ళలో ఒకడు గాల్లో లేచి పట్టుకున్నాడు. ఈలలు వేసిన జనమే లేచి నిలబడ్డారు. తర్వాతిది చాలా దూరం వెళ్ళింది, చాలా అందంగా వెళ్ళింది. అవతలి టీమువాడి చేతుల్లోకే వెళ్ళింది. ఓడిపోయాం.

"మంచిగనే ఇసిరిండు పాపం," అంది పిల్ల. "పట్టేటోడే వేరేటోడు." దానికి షిఫ్టుందని అటునుంచి అటే బస్సెక్కింది.

ఇంటికొస్తుంటే కారులో వాడే మొదలుపెట్టాడు. "నీ ప్లాన్ త్రీ క్వార్టర్స్ సూపర్, అమ్మమ్మా."

"నాలుగోదో?"

"వెనకబడ్డాక హైడ్ అయితే అవ్వదు. త్రో చెయ్యాలి."

"చేసి ఏం చేశావు? తీసుకెళ్ళి వాళ్ళ చేతిలో పెట్టావు."

"బట్ ఐ థ్రూ ఇట్. నెక్స్ట్ వీక్ కూడా నేనే అన్నాడు కోచ్." ఎర్రలైటు దగ్గర కారాపి అడిగాడు. "నీది ఇప్పుడు ఏ క్వార్టర్?"

"నోరు మూసుకుని డ్రైవ్ చెయ్యి."

మర్నాడు ఆదివారం. చర్చికి చీర కట్టుకుని, చెప్పులేసుకునే ముందు బేస్‌మెంట్ మెట్లు దిగి తలుపు తట్టాను. నల్గొండ పిల్ల నోట్లో బ్రష్‌తో వచ్చింది.

"ఏమైందమ్మమ్మా? హీటర్ బంద్ అయిందా?"

అలవాటు కొద్దీ మోకాలి నొప్పి దగ్గర మొదలుపెట్టబోయాను. నోటిదాకా వచ్చింది కూడా. మింగేశాను.

"నాకు చదవడం, రాయడం రాదే. నేర్పు. ముందు తెలుగు."

అది నోరు కడుక్కుని వచ్చింది. మంచం మీది కట్టలోంచి ఒక రెజ్యూమే లాగి, వెనక్కి తిప్పి, పేజీ అంతా నిండేలా ఒక 'అ' రాసి నా చేతికిచ్చింది.

దాన్ని ఎటువైపు పట్టుకోవాలో ముందు అడిగాను.