కూతురి ముందు చెప్పని నొప్పి

రెండువేల దశకం మధ్యలో, విదేశంలో, పాపకూర అనే ఊళ్ళో ముసలివాళ్ళను చూసుకునే ఒక రెస్ట్‌హోమ్‌లో పనిచేశాను. అక్కడ ఒక చైనా అవ్వ ఉండేది. తుంటి ఎముకలోకి క్యాన్సర్ పాకింది. ఇంగ్లీషు రాదు. కూతురు వచ్చే వేళకే మా నర్సు మందుల బండి తోసుకొచ్చేది. అవ్వను అడిగి చెప్పేది కూతురే.

"నొప్పి లేదంటోంది," అనేది ఆమె. నర్సు మామూలు మాత్ర ఇచ్చి వెళ్ళేది.

పొద్దున నేను స్నానం చేయిస్తుంటే మాత్రం అవ్వ నా చేతిలో గోళ్ళు దిగేలా పట్టుకునేది. నేను బడికి వెళ్ళినదాన్ని కాను; మా అమ్మ ఇంట్లోనే బైబిలు చదివిస్తూ అక్షరాలు నేర్పింది. అలాగే అవ్వ, కూతురు మాట్లాడుకునేది విని విని రెండు మాటలు పట్టుకున్నాను. థంగ్ అంటే నొప్పి. నాన్‌షో అంటే బాధ, తట్టుకోలేకపోవడం.

మా నర్సుది గుంటూరు.

"అక్కా, కూతురు లేనప్పుడు అడుగుదాం," అన్నాను.

"ఎవరడుగుతారే? నువ్వా? చైనా భాష ఎప్పుడు నేర్చావే తల్లీ, రేపు నన్ను దాంట్లోనే తిడతావా ఏంటి!"

"మా అమ్మా అంతేనక్కా. కడుపులో పుండు పెట్టుకుని, నేను పక్కనుంటే డాక్టరుతో 'దేవుని కృప, బానే ఉందండీ' అనేది."

అక్క నవ్వు ఆగిపోయింది.

మర్నాడు పొద్దున అక్కను పక్కన పెట్టుకుని అడిగాను. అవ్వ ముందు తలుపు వైపు చూసింది. ఎవరూ లేరని చూసుకుని, "థంగ్, థంగ్" అంటూ తుంటి పట్టుకుంది. తర్వాత చెయ్యి గుండె మీదికి తెచ్చి "నాన్‌షో" అంది. మళ్ళీ తలుపు వైపు చూపించి, కూతురికి చెప్పొద్దని చెయ్యి ఊపింది.

అక్క డాక్టరుకు ఫోన్ చేసి ఆ రోజే మార్ఫిన్ మొదలుపెట్టించింది. మందు మారితే కూతురు అడగక మానదు. చెప్పాం. ఆమె గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

"రోజూ అడిగింది నేనే కదా," అంది.

లోపలికి వెళ్ళి తల్లిని మళ్ళీ అడిగింది. "మే షి," అంది అవ్వ. ఏం లేదమ్మా అని.

చివరిదాకా కూతురితో ఆ మాటే. ఆమె నమ్మినట్టే తల ఊపి, నారింజ తొనలు ఒలిచి పెట్టి, బయటికొచ్చాక నన్ను అడిగేది. చాలా రోజులు, నొప్పి తగ్గిందనే చెప్పగలిగాను. అందుకు దేవునికి స్తోత్రం. గుండె మీద పెట్టుకున్న చేతికి మాత్రం మా దగ్గర మందు లేదు.

అవ్వ పోయే ముందు రోజు, బయటికొచ్చి అడిగిన కూతురితో, "ఇవాళ చాలా నొప్పిగా ఉందమ్మా," అన్నాను. ఆమె ముఖం కడుక్కుని లోపలికి వెళ్ళి, నవ్వుతూ తల్లి పక్కన కూర్చుంది.