సామాన్ల గదిలో గోంగూర

గల్ఫ్‌లో, ఈ సీబ్ ఊళ్లో మేముండే ఫ్లాటుకి కిటికీ లేదని అబద్ధం చెప్పను. ఉంది. తెరిస్తే పక్క బిల్డింగ్ గోడ, చెయ్యి చాపితే తగులుతుంది. తెల్లారకముందే హాస్పిటల్ బస్సెక్కి, డ్యూటీ చేసి, పొద్దుగూకాక అదే బస్సు దిగి, మళ్లీ ఆ గోడ మొహమే చూడ్డం. ఎండల దేశంలో ఉంటూ ఒంటికి ఎండ తగలని బతుకు. పోనీ మేడ మీదికి పోదామంటే మెట్ల చివర ఓనరు మనిషి వేసిన తాళం.

అలాంటి కొంపలో గోంగూర పెంచుతానన్నాను. నాతో ఉండే అక్కది మా పక్క మండలమే, ఆవిడా నర్సే. "పిచ్చా నీకు? కావాలంటే మార్కెట్లో దొరుకుతుంది కదే" అంది. దొరుకుతుంది, వడిలిపోయి, పులుపు చచ్చి. ఇంటి నుంచి తెచ్చుకున్న గింజలు డబ్బాలో మూలుగుతున్నాయి. నాకు పంతం పట్టింది.

వంటింటి పక్కన సూట్‌కేసులు పడేసుకునే చిన్న గది ఉంది. అందులో కుండీలు పెట్టి, అల్ మవాలేలో ఒక కొట్లో ఊదారంగు ఎల్ఈడీ లైటు కొన్నాను. మొక్కలకి ఇదే మంచిదని కొట్టువాడు ఊదరగొట్టాడు. మొలకలు దారాల్లా సాగి మట్టి మీద వాలిపోయాయి. లోపం ఎక్కడుందో చూద్దామని ఫోనులో వీడియోలు మొదలుపెట్టాను. గదిలో లైటు కింద మొక్కల గురించి అంత శ్రద్ధగా చెప్పేవాళ్లలో ఎక్కువమంది ఒకే మొక్క పెంచుతారని నాకేం తెలుసు? మొహాలు కనపడవు, చేతులే. అది గంజాయని అర్థమయ్యేసరికి పాఠాల్లో సగం దూరం వచ్చేశాను. వాళ్ల దేశాల్లో దానికి అనుమతి ఉందట. ఇక్కడ ఆ ఆకు ఇంట్లో దొరికితే జైలే.

ఆపేయాల్సింది. కానీ ఎంత బాగా చెప్తారనుకున్నారు! లక్స్ మీటరు కొలిచేది మన కంటికి ఆనే వెలుగుని, ఆకుకి కావలసిన వెలుగు వేరు, అందుకే ఊదా లైటు కింద ఆ అంకెని నమ్మకు. తెల్ల లైటైతే దానితోనే ఓ అంచనాకి రావచ్చు. అట్టపెట్టె మీద రాసింది కాదు, ఆకు దగ్గర మీటరు పెట్టి చూడు. మా బళ్లో సైన్సు ఎవరూ ఇలా చెప్పలేదు.

మళ్లీ అల్ మవాలే వెళ్లి తెల్ల లైటూ, అరచేతిలో పట్టే మీటరూ తెచ్చాను. లైటు దించుతూ, ఎత్తుతూ, ఆకుల దగ్గర కొలుచుకోవడమే నా కాలక్షేపం. ఒకరోజు ఊరికే నా మంచం మీద, దిండు పక్కన పెట్టి చూశాను. ఇంతకంటే తగ్గితే ఏ మొక్కా బతకదని వాళ్లు చెప్పిన అంకెకి ఆమడ దూరం కిందే ఉంది. ఆ పూట అన్నం సహించలేదు.

పగలు ఇద్దరం డ్యూటీలోనే ఉంటాం, ఏసీ ఉండదు, గది ఉడికిపోతుంది. అందుకని లైటు సాయంత్రం వెలిగి తెల్లారి ఆరేలా టైమరు పెట్టాను. సగం రోజు వెలుగు, సగం రోజు చీకటి, వాళ్లు చెప్పినట్టే. అది పూత కోసమట. వాళ్లకి పువ్వు కావాలి, నాకు కావలసింది ఆకు. నా మట్టిబుర్రకి అది తట్టలేదు. గోంగూర ఏపుగా లేచింది గానీ అప్పుడే మొగ్గ కూడా వేసేసింది. అక్క వారం పాటు ఆటపట్టించింది.

మా సెలవురోజున ఏసీ సర్వీసుకి వచ్చినతను ఆ గది తలుపు తీసి అక్కడే నిలబడిపోయాడు. మాది తెల్ల గోంగూర. ఆకు వేళ్లలా చీలి, అంచు రంపంలా, అచ్చం గంజాయాకులాగే ఉంటుంది. "సిస్టర్, యే క్యా హై?" అన్నాడు. "సబ్జీ" అన్నాను. అతను ఫొటో తీసుకుని, విప్పిన ఏసీ బిగించకుండానే వెళ్లిపోయాడు. కాసేపటికి ఓనరు మనిషి ఫోను. "సాయంత్రం అర్బాబ్ వస్తున్నారు. ఇద్దరూ రూమ్‌లోనే ఉండండి." ఇక్కడ యజమానిని అర్బాబ్ అంటారు.

నా ఫోను నిండా గంజాయి పాఠాలు. తుడిచేస్తే తప్పు ఒప్పుకున్నట్టే. మొక్కలు పారేద్దామంటే చెత్త డబ్బా పక్కనే ఓనరు మనిషి కుర్చీ. "కోసెయ్యవే, వండేద్దాం. వండాక ఎవడు పోలుస్తాడు?" అంది అక్క. ఉన్న ఆకంతా దూసి, పచ్చిమిర్చితో మగ్గబెట్టి, మిక్సీలో వేసేశాం. గిన్నె మీద మూత పెట్టాక అప్పుడు వెలిగింది నాకు. ఇది గంజాయి కాదని చూపించడానికి మాకున్నది ఆ ఆకొక్కటే. "అక్కా, మన కొంప మనమే ముంచుకున్నాం" అన్నాను. అక్క బైబిలు పట్టుకుని మంచమెక్కింది.

అర్బాబ్ పెద్దాయన, నెమ్మదస్తుడు. ఓనరు మనిషి ఆయనకి ఫొటో చూపించి, బోసిగా ఉన్న కాడలు చూపించి, "చూశారా, అంతా పీకేశారు" అన్నాడు. నేను పచ్చడి గిన్నె ముందుకు జరిపి, పుల్లగా ఉంటుంది, రుచి చూడమని హిందీలో బతిమాలాను. ఎవరు తింటారు? నేనే ఓ ముద్ద మింగాను. నాకు మైకం ఎప్పుడు కమ్ముతుందా అన్నట్టు చూశాడు ఓనరు మనిషి. అయిపోయింది, ఇంక పోలీసులే అనుకున్నాను.

అంతలో టైమరు టిక్కుమంది. సామాన్ల గదిలో లైటు వెలిగింది. కంగారులో మేం వదిలేసిన మొగ్గ ఒకటి కాడ చివర విచ్చుకుని ఉంది. లేతపసుపు రేకులు, నడుమ ముదురెరుపు. మా లైటు లెక్కలో దానికి అదే తెల్లవారుజాము. పెద్దాయన వంగి చూసి, "బామియా?" అన్నాడు. బెండకాయని వాళ్లు అలాగే అంటారు. "బామియాకి చెల్లెలు" అన్నాను. ఆయనకి ఊళ్లో తోట ఉందట, బెండపువ్వు కొత్త కాదు. ఆయన నవ్వాక గానీ అక్క మంచం దిగలేదు.

"మేడ మీద ఇంత ఎండ ఊరికే పోతుంటే గదిలో ఈ లైటెందుకు?" అన్నాడు. పోతుందనుకున్న ప్రాణం తిరిగొచ్చింది కదా, దాంతో పాటు కోపమూ వచ్చింది. "మేడకి తాళం వేయించి మమ్మల్ని ఈ గోడకి అతికించింది మీరే కదా" అనేశాను. ఆయన ఓనరు మనిషి వైపు చూశాడు. వాడు తాళాల గుత్తిని జేబులోకి తోశాడు. పెద్దాయన వాడి గుత్తిలోంచి తాళంచెవి తీయించి నా చేతిలో పెట్టాడు.

తర్వాతి సెలవుకి కుండీ, మీటరు పట్టుకుని మేడెక్కాను. ఎండలో మీటరు పెడితే కొలత రాలేదు. తెర మీద ఓ పక్కన ఒంటరిగా '1' నిలబడింది. పాడైందనుకున్నాను. తన శక్తికి మించిన వెలుగు పడితే అది అలాగే చూపిస్తుందట. ఆ కాలే గచ్చు మీదే కూర్చుని ఏడ్చాను.

ఆకుల్లేని మొక్క రెండు రోజుల్లో మాడిపోయింది. నేను మాత్రం సెలవొస్తే పైకి పోతూనే ఉన్నాను. మొక్క లేదు కదా, తాళంచెవి ఇచ్చెయ్యమని ఓనరు మనిషి రెండుసార్లు వచ్చాడు. ఇవ్వలేదు.