దయ్యం రాని సినిమా

రాష్ట్రం కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో, ఏ సినిమా ఆడుతుందో ఏది ఎత్తిపోతుందో నాకు తప్ప ఎవరికీ తెలియదనుకునేవాణ్ణి. చిట్యాలలో ఒక టాకీసు తరఫున ఆటోలో మైకు పట్టుకుని ఊరూరా సినిమా గురించి చెప్పడం నా ఉద్యోగం. (గొంతు బాగుంటే తెలివి కూడా ఉన్నట్టేనని నా నమ్మకం.) కుటుంబ కథలకు టిక్కెట్లు తెగడం తగ్గి, దయ్యాల సినిమాలకు కుర్రకారు ఎగబడుతున్న కాలమది. అప్పుడు టాకీసు నడిపే మా సేటు ఇద్దరు తోడికోడళ్ల కథ తెచ్చాడు. చీకట్లో టార్చి వేసి జనాన్ని సీట్లలో కూర్చోబెట్టే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. టార్చి కాక అనేవాళ్లం. "ఆడోళ్లు వస్తర్రా, ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాడాయన. నేను వినలేదు. కట్టంగూర్ దాకా పోయి, ఇది దయ్యం సినిమా, గుండె జబ్బున్నవాళ్లు రావద్దని వణికే గొంతుతో చెప్పి వచ్చాను.

హాలు కుర్రాళ్లతో నిండింది. ఆడవాళ్లు భయపడి ఇళ్లలోనే ఉండిపోయారు. తెర మీద తోడికోడళ్లు పప్పు రుబ్బుకుంటూ పోట్లాడుకుంటున్నారు. "దయ్యం ఎప్పుడొస్తదే?" అని ఒకడు అడిగితే, "గా అత్తనే గావచ్చు, జర ఆగు" అని పక్కవాడు సర్దిచెప్పాడు. విశ్రాంతి దాకా ఆగారు. ఆ తర్వాత అందరూ వచ్చి సేటు గదిని చుట్టుముట్టారు.

"దయ్యమని ఎవడు చెప్పమన్నడు?" అని సేటు నన్ను అడిగాడు.

"కాకనే చెప్పమన్నడు సేటు."

కాక నా వైపు చూశాడు. నాకు బిడ్డ పుట్టి నెల కూడా కాలేదని ఆయనకు తెలుసు. "ఔ సేటు, నేనే" అన్నాడు. మరునాటి నుంచి ఆయన్ను పనిలోకి రావద్దన్నారు.

ఆ తర్వాత ఆడవాళ్లు మా మైకును నమ్మలేదు. పోనుపోను పెద్ద కొట్లాటల సినిమాలకు తప్ప టిక్కెట్లు తెగలేదు, మిగతావి జనం ఫోన్లలోనే చూసుకున్నారు. టాకీసు ఫంక్షన్ హాలైంది. కాక మాట వల్లే సేటు మునిగాడని ఊరంతా అంటుంటే ఇన్నేళ్లూ నేనూ తలూపాను.

మొన్న నా బిడ్డ హైదరాబాద్‌లో సినిమాకు తీసుకుపొమ్మంటే వెళ్లాం. చీకట్లో మెట్టు తడబడితే, తన ఫోను లైటు నా కాళ్ల ముందు వేసి, "బాపూ, జర చూసి నడువు" అంది. అచ్చం కాకలాగే. సీట్లో కూర్చున్నానే గానీ సినిమా తలకెక్కలేదు.

తెల్లవారి, కాక ఇప్పుడుంటున్న కట్టంగూర్ పోయి ఆయన ముందు కూర్చుని అంతా ఒప్పుకున్నాను. ఆయన "సేటు లేడు, హాలు లేదు. ఇప్పుడు ఎవలకు చెప్తవ్‌రా?" అన్నాడు. అందుకే మీకు చెబుతున్నాను. ఆ మాట కాకది కాదు, నాది.

లేచి వస్తుంటే వెనక నుంచి అడిగాడు. "బిడ్డతోని ఏం సిన్మాకు వోయినవ్?"

"దయ్యం సిన్మా, కాకా."

"వచ్చిందా మరి?"

వచ్చిందన్నాను. ఈసారి ఉన్నదున్నట్టే చెప్పాను.