ముప్పై ఎనిమిది పొలుసులు

ల్యాబులో స్పిరిట్ గొట్టం మూత తీస్తే చాలు, ఆ ఘాటుకు మనసు నంద్యాలకు పరుగెత్తుతుంది. ఆ గొట్టాల్లో చేప రెక్క ముక్కలుంటాయి. వాటి మైటోకాండ్రియా జన్యుపటాన్ని, పదహారు వేల చిల్లర అక్షరాలను, వరుస తప్పకుండా చదవడం ఇప్పుడు నా పని. డెబ్బైల చివర నాకు చేపను చూడటం నేర్పింది నంద్యాలలోని మా కాలేజీ జువాలజీ మేడం ఎస్తేరు గారు.

ఆమెదీ మా ఆళ్లగడ్డే. పొద్దున ఇద్దరం ఒకే బస్సెక్కేవాళ్లం. ల్యాబు కోసం సంతలో కొన్న బతికున్న చేపలను టిఫిన్ క్యారియర్‌లో తెచ్చేవారు. ఒకరోజు మూత ఊడి ఒక మట్టగిడస సీట్ల కిందికి జారింది. బస్సంతా కాళ్లు పైకెత్తింది. కండక్టరు కస్సుమంటే, మేడం నింపాదిగా, "దానికీ టికెట్ కొట్టప్పా, యాడ దిగుతాదో దాన్నే అడుగు" అన్నారు. కోపంగా ఉన్న కండక్టరు కూడా నవ్వేశాడు.

ల్యాబులో మాత్రం ఆ నవ్వు ఉండేది కాదు. పుస్తకం చూసి రాస్తే రికార్డు విసిరికొట్టేవారు. సూది మొనతో చేప పక్కన తల నుంచి తోక దాకా సాగే గీత మీది పొలుసులు ఒక్కొక్కటే లెక్కపెట్టాల్సిందే. "చేప పెరిగితే పొలుసు పెరుగుతాది పాపా, లెక్క పెరగదు" అనేవారు.

ఫస్ట్ క్లాసు వస్తేనే ఎమ్మెస్సీ అని నాయన ఖరాఖండిగా చెప్పేశాడు. ఆఖరి ప్రాక్టికల్ పరీక్షలో నా ట్రేలోకి వచ్చిన చేప, మూడేళ్లుగా సీసాలోంచి తీయకుండా, చీటీ చూసి మేమంతా కొర్రమీను అని రాస్తూ వచ్చిందే. కొర్రమీనుకు పొలుసులు యాభై దాటాలి. దీనికి ముప్పై ఎనిమిదే, అచ్చం అలాగే కనిపించే మట్టగిడస లెక్క! మూడుసార్లు లెక్కపెట్టాను. కొర్రమీను అని రాస్తే మార్కులు నావే. అయినా మట్టగిడస అనే రాశాను. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ మేడం రాసిచ్చిన జాబితా చూసి, నా జవాబును ఎర్ర పెన్సిల్‌తో కొట్టేశారు. నా చదువుకు మంగళం పాడినట్టే అనుకున్నాను.

మేడం వచ్చి ఏం జరిగిందని అడిగారు. లెక్క చెప్పాను. సూది తీసుకుని కూర్చున్నారు. లెక్క ముగిసేసరికి ఆమె ముఖం విప్పారింది.

"సార్, కొట్టేయాల్సింది నా జాబితాలో. ఆ సీసా మీద చీటీ రాసింది నేనే. ఇన్నేండ్లూ పిల్లోళ్లకు తప్పు చెప్తాండా. ఈ పాప పట్టుకునింది."

తన బిడ్డకు బహుమతి వచ్చిందని చెప్పే తల్లిలా చెప్పారు. ఎగ్జామినర్ మార్కులు దిద్దారు. నాకు ఫస్ట్ క్లాసు వచ్చింది, నాయన మాట తప్పలేదు. బస్సులో కండక్టరుకు సైతం ఈ కథ చెప్పి మేడం నన్ను సిగ్గుతో చంపేశారు.

పోయిన నెల, నా దగ్గర పరిశోధన చేసే షాహీన్ భయపడుతూ వచ్చింది. నేను చూసి పేరు రాసిన ఒక చేప జన్యుపటం ఆ పేరుకు సరిపోవడం లేదంది. అబద్ధమెందుకు, ముందు నా ముఖం మాడింది. ఇద్దరం కూర్చుని మొదటినుంచీ చూశాం. తప్పు నాదే. ల్యాబులో అందరినీ పిలిచి, దాన్ని పట్టుకున్నది ఈ పిల్లేనని చెబుతుంటే ఒళ్లంతా సంతోషం! మేడం ఆ రోజు ఎందుకంత మురిసిపోయారో నాకు అప్పుడు గానీ తెలియలేదు.