మొగ తెలిసిన గంగరాజు

భావనపాడులో కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక దిబ్బలు ఏటా చోటు మారుతుంటాయి. ఏ కెరటం వెనక పడవను దూర్చాలో గంగరాజుకు తెలిసినంతగా ఆ ఊళ్లో మరొకరికి తెలియదు. ముప్పై ఏళ్లు పడవ నడిపాడు. ఒక్కసారీ బోల్తా కొట్టించలేదు.

యాభై రెండో ఏట కుడిచేతికి ఇంజను తాడు లాగే బలం పోయింది. బొటనవేలి పక్క కండ కరిగింది. మాట ముద్దగా రావడం మొదలైంది. విశాఖపట్నంలో నరాల డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, మోటార్ న్యూరాన్ జబ్బు అంది. కండరాలను కదిలించే నరాల కణాలు చనిపోతున్నాయనీ, నయం చేసే మందు ఇంకా లేదనీ దాచకుండా చెప్పి, రోజుకు రెండు బిళ్లలు రాసింది.

"నా సేతిలో ఏటున్నాదో అది సెప్పమ్మా. అది సేస్తాను," అన్నాడు గంగరాజు.

ఆ వారమే బావమరిది ఉమాశంకర్ పెద్ద డబ్బా పట్టుకొచ్చాడు. "బావా, ఇది అమైనో ఆసిడ్ల పొడి. రెండు నెల్లు తాగు, కండ తిరిగొచ్చేస్తాది."

గంగరాజు భార్య మరిడమ్మ మూత తియ్యకముందే డాక్టరమ్మకు ఫోన్ చేసింది.

"వలకు దారంలాగ కండకు అమైనో ఆసిడ్లు కావాలి, నిజమే," అంది డాక్టరమ్మ. "కానీ ఇక్కడ దారం చాలక కాదు, కండను కదిలించే నరమే పోతోంది. అలాంటి పొళ్లు కొన్నింటిని ఈ రోగులకిచ్చి చూశారు, మేలు కనబడలేదు. పైగా గ్లుటమేట్ అని ఒక అమైనో ఆసిడ్ ఉంది. ఒక నరం ఇంకో నరానికి కబురు పంపేది ఎక్కువగా దాంతోనే. కబురు అందగానే అది తొలగిపోవాలి. ఈ జబ్బులో అది ఎక్కువగా నిలిచిపోయి నరాన్ని దెబ్బతీస్తుందని అనుకుంటున్నారు. నేనిచ్చిన బిళ్ల దాన్ని కొంత తగ్గిస్తుంది. జబ్బు ఆగదు, కాస్త నిదానిస్తుంది."

డబ్బా వెనక్కి వెళ్లిపోయింది. కానీ గ్లుటమేట్ అన్న మాట మరిడమ్మ మనసులో గుచ్చుకుంది. అది ఎందులో ఉంటుందని డిగ్రీ చదివే పక్కింటి హేమను అడిగింది.

"సేపలు, గుడ్లు, పప్పు... అన్నిట్లో ఉంటాది పిన్నీ."

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో చేప ఉడకలేదు. గంజి, ఆనపకాయ కూర, అంతే. నెలన్నరలో గంగరాజు అయిదు కిలోలు తగ్గాడు.

సంగతి విని డాక్టరమ్మ తల పట్టుకుంది. "తిండిలోని గ్లుటమేట్ అలా నరాల్లోకి వెళ్లిపోదమ్మా. నెత్తురుకూ నరాలకూ మధ్యలో అడ్డు ఉంది. ఈ జబ్బులో బరువు తగ్గడమే ప్రమాదం. చేప పెట్టు, గుడ్డు పెట్టు, నూనె బాగా వెయ్యి."

"ఒసే మరిడీ, నన్ను ఎండబెట్టేసినావే!" గంగరాజు నవ్వాడు. మరిడమ్మ కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. సాయంత్రం కొనెం చేప పులుసు పెట్టి, ముళ్లు తీసి, మెత్తగా కలిపి తినిపించింది.

ఇంట్లో కూర్చోవడం అతనికి చేతకాదు. మొగ ఒడ్డున ప్లాస్టిక్ కుర్చీ వేయించుకున్నాడు. అతని మాట ఇప్పుడు మరిడమ్మకే అర్థమవుతుంది. అతను కెరటాలు చూసి చెబుతాడు, ఆమె ఫోన్లో పడవలకు అందిస్తుంది.

నవంబరులో వాయుగుండం ముందు నాలుగు పడవలు మొగ బయట చిక్కుకున్నాయి.

"అత్తా, ఇంజను ఏడెక్కిపోతన్నాది, వచ్చేస్తన్నాను!" అని వాటిలో ఒక పడవ నడిపే నూకయ్య ఫోన్లో అరిచాడు.

గంగరాజు తల అడ్డంగా ఊపాడు.

"ఆగమంటన్నాడురా నూకయ్యా! ఇంకో రెండు కెరటాలు పోనీ!"

రెండూ విరిగాయి. గంగరాజు గొంతు పెగిలింది. "ఇప్పుడు రా!" అంది మరిడమ్మ. నాలుగు పడవలూ వరసగా లోపలికొచ్చాయి.

వేసవి నాటికి మింగడం కష్టమైంది. పొట్టకు గొట్టం పెట్టాలి, ఆలోచించుకోమంది డాక్టరమ్మ. గంగరాజు ఆలోచించలేదు. ఏదో అన్నాడు, మరిడమ్మ చెప్పింది: "సర్కారోళ్లు సేపల ఏట ఆపే రెండు నెలల్లో పెట్టెయ్యమంటన్నాడమ్మా. జూన్ నుంచి పనుంటాదట."

ఏప్రిల్లో పెట్టారు. జూన్ నాటికి రెండు కిలోలు పెరిగాడు. వేట మళ్లీ మొదలైన రోజున పడవల కంటే ముందే కుర్చీ మొగకు చేరింది. అతను నోరు తెరవకముందే మరిడమ్మ రెండుసార్లు "ఆగండి" అంది. రెండుసార్లూ సరిపోయింది. మూడోసారి అతను తల అడ్డంగా ఊపి, ఆమె లెక్క ఎక్కడ తప్పిందో కళ్లతో చూపించాడు.